‘ఫ్యామిలీతో చూడొచ్చు’ అంటే ఏం చూడొచ్చని? ‘2.0’ సంగతి

తెలుగులో సినిమా రివ్యూ ఎలా మొదలైనా చివరికి వచ్చి ఒక మాట దగ్గర ఆగుతుంది: ‘పిల్లాపాపలతో కలిసి హాయిగా చూడొచ్చు’, లేదంటే ‘ఫ్యామిలీ ఆడియన్స్‌కి కాస్త కష్టమే’. ఇంట్లో టికెట్లు బుక్ చేసేవాళ్లకి మిగతా పేరాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ముక్కా ఒక ఎత్తు. అయితే ఆ ముక్క ఏ లెక్కన రాస్తారో ఎవరూ విడమరిచి చెప్పరు. లెక్క చూస్తే చాలా చిన్నది. పడకగది సీను ఉండకూడదు, డబుల్ మీనింగ్ డైలాగులు ఉండకూడదు, అత్తగారి పక్కన కూర్చుని నేలచూపులు చూడాల్సిన పాట ఉండకూడదు. ఈ మూడూ లేకపోతే అది ఫ్యామిలీ సినిమా. నరుక్కోవడాలు, ఉరి వేసుకోవడాలు, పిల్లాడు రాత్రి ఉలిక్కిపడి లేవడాలు ఆ పద్దులోకి రావు.

2018 నవంబర్ 29న వచ్చిన ‘2.0’ని దగ్గర పెట్టుకుని చూస్తే ఈ కొలబద్ద ఎంత పొట్టిదో తెలుస్తుంది. 2010 అక్టోబర్ 1న విడుదలైన ‘రోబో’కి ఇది రెండో భాగం. దర్శకుడు మళ్లీ శంకరే. శాస్త్రవేత్త వశీకరణ్‌గా, అతను తయారుచేసిన చిట్టిగా మళ్లీ రజనీకాంతే. ఎదురుగా పక్షిరాజుగా అక్షయ్ కుమార్. తమిళంలో తీసి, తెలుగు, హిందీల్లోకి డబ్ చేసి ఒకే రోజు వదిలారు. బడ్జెట్ 500 కోట్లు దాటిందని అప్పట్లో పత్రికలు రాశాయి. సెన్సార్ యూ/ఏ ఇచ్చింది. రివ్యూలు చాలావరకు ఒకే చోట కలిశాయి: కంటికి పండగ, కథకి కరువు, పిల్లలకి మాత్రం తెగ నచ్చుతుంది. మొదటి రెండు మాటలతో పెద్దగా పేచీ లేదు. మూడోదే అంత సులువుగా దాటేయాల్సిన మాట కాదు.

ముందు విమర్శకుల వైపు చూద్దాం. అసలు కథ మొదలయ్యే తీరు గట్టిదని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. చెన్నైలో ఓ రోజు జనం చేతుల్లోని సెల్‌ఫోన్లు వాటంతట అవే లేచి ఆకాశంలోకి ఎగిరిపోతాయి. మనిషి బిత్తరపోయి పైకి చూస్తుంటాడు, ఫోను మబ్బుల్లో కలిసిపోతుంది. ఇందులో వివరించాల్సిందేమీ లేదు. ఫోను కనబడక ఐదు నిమిషాలు ఇల్లంతా వెతికిన ప్రతివాడికీ ఆ కంగారు తెలుసు. ఆ తర్వాత పోయిన ఫోన్లు ఎక్కడున్నాయో చూపిస్తారు. అడవిలో చెట్లకి ఆకుల్లా ఫోన్లు, వాటి తెరలు మిణుకుమిణుకుమంటూ. ఇంకోచోట రోడ్డు మొత్తం ఫోన్లు పరుచుకుని, ఒక ఒళ్లున్న జీవిలాగా కదులుతుంటాయి. చివరికి అవన్నీ కలిసి ఓ రాకాసి పక్షి అవుతాయి. రెక్కలో ఒక్కో ఈక ఒక్కో ఫోను.

ఈ పనికి పట్టిన టైం తక్కువేం కాదు. 2017 దీపావళికి అనుకున్న విడుదల 2018 జనవరికి, అక్కణ్నుంచి ఇంకా ముందుకి జరుగుతూ నవంబర్ దాకా వచ్చింది. ప్రధాన కారణం విజువల్ ఎఫెక్ట్స్. మామూలుగా తీసి తర్వాత 3డీలోకి మార్చడం కాకుండా, షూటింగే 3డీ కెమెరాలతో చేశారు. ఛాయాగ్రహణం నీరవ్ షా. ఎఫెక్ట్స్ పర్యవేక్షణ వి. శ్రీనివాస్ మోహన్‌ది. ‘రోబో’కీ, ‘బాహుబలి’ మొదటి భాగానికీ, తర్వాత ‘ఆర్ఆర్ఆర్’కీ ఆ పని చేసింది ఆయనే. సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి సీటు కిందనుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి ఒకటి ఆలోచించారు. అది అన్ని హాళ్లలో ఉండేది కాదనుకోండి. సినిమా బాగోలేదన్నవాళ్లు కూడా ఈ విషయంలో పేరు పెట్టలేకపోయారు. మన దేశంలో ఇంత తీయగలరా అన్న ఆశ్చర్యం రివ్యూల్లో బాహాటంగానే కనబడింది.

మరి కథ దగ్గర ఎందుకు మొహాలు మాడాయి? కథ చిన్నదైపోయిందని చాలామంది అన్నారు. అది పూర్తి కారణం కాదు. ‘రోబో’ కథ కూడా నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. తేడా చిట్టి దగ్గరుంది. ‘రోబో’లో చిట్టి పుడతాడు, నేర్చుకుంటాడు, దోమతో బేరాలాడతాడు, పరీక్ష రాయిస్తాడు, ప్రేమలో పడతాడు, అవమానం పడతాడు, చెడిపోతాడు. ఇంట్లో పెరిగిన కుర్రాడు చేతికందకుండా పోయిన కథ అది. అందుకే ఇనుప బొమ్మ అయినా జనానికి జాలి కలిగింది. చివర్లో తన్ను తానే ఒక్కో భాగం ఊడదీసుకునే సీన్లో హాల్లో చప్పుడు చేసినవాళ్లు తక్కువ.

‘2.0’లో చిట్టికి ఏం కావాలో ఎవరికీ తెలీదు. మ్యూజియంలో పడున్నవాణ్ని బయటికి తీసి, దుమ్ము దులిపి, పోరాటానికి పంపిస్తారు. పిలిస్తే గంట కొట్టుకుంటూ వచ్చి మంట ఆర్పి వెళ్లే ఫైరింజన్‌కీ అతనికీ పెద్ద తేడా లేదు. ‘రోబో’లో అతన్ని చెడగొట్టిన ఎర్ర చిప్ మళ్లీ పెట్టాక కాస్త పొగరు, కాస్త వెటకారం తిరిగొస్తాయి. అప్పుడే హాలూ లేచి కూర్చుంటుంది. అరచేతిలో పట్టే బుల్లి చిట్టీలు, 3.0 బాపతు, దిగాక అల్లరి ఇంకా పెరుగుతుంది. కానీ అదంతా చివరి అరగంట సరుకు. అప్పటిదాకా వశీకరణ్ వివరిస్తుంటాడు, మంత్రులు వింటుంటారు, ఎమీ జాక్సన్ వేసిన ఆండ్రాయిడ్ మధ్యమధ్యలో చెణుకులు విసురుతుంటుంది.

తమిళ రచయిత సుజాత ‘రోబో’ కథా చర్చల్లోనూ మాటల్లోనూ పాలుపంచుకుని, ఆ సినిమా తెర మీదికి రాకముందే 2008లో చనిపోయారు. సైన్సుని పక్కింటి కబురులా చెప్పడం ఆయన నేర్పు. రెండో భాగానికి మాటలు జయమోహన్‌వి. ఆయన పెద్ద నవలాకారుడు, అందులో అనుమానం లేదు. కానీ ‘రోబో’లో సైన్సు చమత్కారంగా పలికితే, ఇక్కడ ‘ఆరా’, ‘మైక్రో ఫోటాన్లు’ అంటూ ఉపన్యాసంలా పలికింది. డబ్బింగులో ఆ బరువు ఇంకొంచెం పెరిగింది. తెలుగులో రజనీకి చాలాకాలంగా గొంతు ఇచ్చే గాయకుడు మనో చిట్టి పెంకితనాన్ని బాగానే పట్టుకుంటారు. అయితే విసురుగా అనే మాటలకి ఉన్న ఊపు వివరణలకి రాదు కదా.

విమర్శకులు మెత్తబడిన చోటు ఒకటుంది. అది పక్షిరాజు ఫ్లాష్‌బ్యాక్. నడుం వంగిన ముసలాయన, కళ్లద్దాలు, చుట్టూ పిట్టలు. పుట్టగానే ఊపిరి అందని తనకి ఒక పిచ్చుక వల్ల ప్రాణం నిలిచిందని నమ్మిన మనిషి. పక్షుల కోసమే బతుకు వెళ్లదీస్తాడు. టవర్లు వచ్చాక పిట్టలు రాలిపోవడం మొదలవుతుంది. అధికారులకి మొరపెట్టుకుంటాడు, కోర్టుకి వెళ్తాడు, కంపెనీల గుమ్మాలు ఎక్కుతాడు. ఎక్కడా వినరు. చివరికి సెల్ టవర్ ఎక్కి ప్రాణం తీసుకుంటాడు. సినిమా మొత్తంలో మనసుని తాకిన భాగం ఇదేనని, అక్షయ్‌ని మేకప్ కింద కప్పేయకుండా నటించనిచ్చింది ఇక్కడేనని ఎన్నో రివ్యూలు చెప్పాయి. నిజమే. ఫ్యామిలీ లెక్క తప్పింది కూడా సరిగ్గా ఇక్కడే. విమర్శకులు మెచ్చిన భాగమే చిన్నపిల్లలకి అన్నిటికంటే బరువైన భాగం.

యూ/ఏ అంటే ఏమిటో ఒక్క మాట. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టంలో మొదట ఉన్నవి యూ, ఏ అనే రెండే. 1983లో యూ/ఏ వచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రులు ఆలోచించుకుని తీసుకెళ్లాలని అప్పట్లో దాని అర్థం. రావద్దని కాదు. కాబట్టి గేటు దగ్గర టికెట్ చింపేవాడికి దాంతో పనిలేదు. పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ సర్టిఫికెట్ అయితేనే ఆపుతాడు, అదీ ఆపితే. ఆలోచించుకోవాల్సిన తల్లిదండ్రులకేమో ఆ అక్షరాలు పోస్టర్ మూలన బియ్యపు గింజంత కనబడతాయి. పైగా దేనివల్ల యూ/ఏ ఇచ్చారో చెప్పేవాళ్లు లేరు. హీరో నాలుగు దెబ్బలు కొట్టినా యూ/ఏనే, తాతయ్య ఉరి వేసుకున్నా యూ/ఏనే. ఇది సరిపోవడం లేదనే 2023లో చట్టాన్ని సవరించి ఆ ఒక్క గడిని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడు చేశారు. ‘2.0’ ఈ మార్పుకి ముందు సినిమా. ఇవాళ వస్తే ఎక్కడ వేస్తారో గానీ, నిజాయతీగా చెప్పాలంటే దానికి సరిపోయే వయసు తొమ్మిది, పది. చట్టంలో ఆ గడి ఇప్పటికీ లేదు.

సీన్లు దగ్గర్నుంచి చూస్తే ఈ మాట ఎందుకో తెలుస్తుంది. సినిమా తెర తీయడమే ఆ టవర్ మీద తీస్తుంది. ముసలాయన మెల్లగా ఎక్కుతుంటాడు, చుట్టూ పక్షులు తిరుగుతుంటాయి. హాల్లో ఇంకా కొంతమంది ఫోన్ లైటు వేసుకుని సీట్లు వెతుక్కుంటూ ఉండగానే ఆయన చనిపోతాడు. పాప్‌కార్న్ డబ్బా మూత కూడా తీయని ఆరేళ్ల పిల్ల ‘తాత అక్కడికెందుకు ఎక్కాడు?’ అని అడిగితే, పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఎందుకంటే వాళ్లకీ అప్పటికి తెలీదు. జవాబు ఇంటర్వెల్ తర్వాత ఎప్పుడో వస్తుంది.

తర్వాత చావులు. ఫోన్ల వ్యాపారం మీద, టవర్ల మీద, మంత్రి పదవి మీద బతికినవాళ్లని, చనిపోయి ఓ శక్తిగా మారిన పక్షిరాజు ఒక్కొక్కళ్లనీ ఏరుకుని చంపుతాడు. ఫోన్లు గుంపులుగా వచ్చి మీద పడతాయి, ఒంట్లోకి చొరబడతాయి. నెత్తురు పెద్దగా చూపించరు. అందుకే సెన్సార్ వాళ్లకి అంత ఇబ్బంది అనిపించి ఉండదు. కానీ పిల్లల భయం నెత్తురుతో కొలిచేది కాదు. దెయ్యం సినిమా చూసినవాడు పాడుబడ్డ బంగళా వైపు వెళ్లకుండా ఉంటే చాలు. ఇక్కడ భయపెట్టే వస్తువు అమ్మ దిండు పక్కనే చార్జింగ్‌లో ఉంటుంది. అర్ధరాత్రి ఏదో మెసేజ్ వచ్చి దాని తెర వెలుగుతుంది. గర్రుమని ఒకసారి వణుకుతుంది కూడా.

వీటన్నిటికంటే బరువైనది వేరే ఉంది. ‘చచ్చి సాధించాడు’ అని మనకొక నుడికారం. బతికుండగా ఎవరూ లక్ష్యపెట్టని మనిషి, పోయాక అందరి మీదా పైచేయి అవుతాడు. ‘2.0’ కథాయంత్రం మొత్తం ఈ మాట మీదే నడుస్తుంది. పక్షిరాజు బతికున్నప్పుడు పిటిషన్లు పెట్టాడు, ఏమీ కాలేదు. చచ్చిపోగానే చచ్చిన పక్షులన్నిటి శక్తితో కలిసి ఊరంత పక్షి అయ్యాడు, సైన్యాన్ని గడగడలాడించాడు, మంత్రుల్ని శిక్షించాడు, చివరికి తన మాటే సబబని వశీకరణ్ చేత ఒప్పించుకున్నాడు. పెద్దవాళ్లకి ఇది పురాణ ఫక్కీ కథ. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో, తన మాట ఇంట్లో ఎవరూ వినడం లేదని లోపల్లోపల ఉడికిపోతున్న పిల్లకో పిల్లాడికో ఇది ఇంకోలా వినబడొచ్చు. చిత్రమేమిటంటే, ఫ్యామిలీ లెక్క వేసేవాళ్లు చిన్నపిల్లల గురించి కాస్తయినా తర్జనభర్జన పడతారు. ఆ వయసువాళ్ల విషయంలో ‘వాడు పెద్దవాడేలే’ అని వదిలేస్తారు. ‘2.0’ విషయంలో పక్కన కూర్చుని ఒక మాట మాట్లాడాల్సింది వాళ్లతోనే.

‘రోబో’ ఈ తప్పు చేయలేదని కాదు. మంటల్లోంచి చిట్టి కాపాడి తెచ్చిన అమ్మాయి ఒంటి మీద బట్టల్లేకుండా కెమెరాల ముందు నిలబడాల్సి వచ్చి, సిగ్గుతో పరుగెత్తి లారీ కింద పడే సీను అందులో ఉంది. పరువు పోవడం కంటే ప్రాణం పోవడం మేలన్నట్టు కథ దాన్ని చకచకా దాటేస్తుంది. రోబోకి మనుషుల సున్నితత్వం తెలీదని చెప్పడానికి ఆ సీను వాడుకున్నారు. తీసినవాళ్లకి ఎంత తెలిసిందన్నది వేరే ప్రశ్న. అయినా ‘రోబో’ ఇన్నేళ్లుగా టీవీలో వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ చూసే సినిమాగానే చెలామణీ అవుతోంది.

మనవాళ్ల పాత కొలబద్దతో కొలిస్తే ‘2.0’ నిక్షేపంలాంటి సినిమా. పాటల గొడవ దాదాపు లేదు. ప్రేమ వ్యవహారం లేదు. వశీకరణ్ ప్రియురాలు సన ఫోన్లో గొంతుగా మాత్రమే వినబడుతుంది. ఆండ్రాయిడ్ అమ్మాయి బిగుతు దుస్తుల మీద, ఆమెకీ చిట్టికీ మధ్య సరసాల మీద కొందరు విమర్శకులు విసుక్కున్నారు, అది న్యాయమే. కానీ అత్తగారు లేచి వెళ్లిపోయేంత ఏమీ లేదు. ‘2.0’ ఫ్యామిలీ సినిమా అన్న ముద్ర ఇలాగే పడింది.

ఇక సైన్సు సంగతి. విడుదలకి ఒకటి రెండు రోజుల ముందు సెల్యులార్ ఆపరేటర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఈ సినిమా మీద సెన్సార్ బోర్డుకీ, సమాచార ప్రసార శాఖకీ ఫిర్యాదు చేసింది. సెల్‌ఫోన్ల మీద, టవర్ల మీద లేనిపోని భయాలు పుట్టిస్తోందని వాళ్ల అభ్యంతరం. వ్యాపారం చేసుకునేవాళ్లు తమ సరుకుని వెనకేసుకురావడం వింత కాదు కాబట్టి దాన్ని చాలామంది నవ్వి ఊరుకున్నారు. అయితే ఫిర్యాదు చేసినవాళ్ల స్వార్థం వేరు, అందులో ఉన్న విషయం వేరు.

సెల్ టవర్ తరంగాలకి ఎక్స్‌రేలాగా కణాల్లోని అణువుల్ని చీల్చే శక్తి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే కేన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాల్ని ‘కేన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండొచ్చు’ అనే 2బి వర్గంలో పెట్టింది. పేరు వింటే గుండె ఝల్లుమంటుంది గానీ, తూర్పు ఆసియా తరహాలో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఆ వర్గంలోనే ఉన్నాయి. (మన ఆవకాయ కాదు, కంగారు పడక్కర్లేదు.) సాక్ష్యం బలంగా లేదు, పూర్తిగా కొట్టిపారేయనూ లేం అన్నప్పుడు వాడే గడి అది. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల నుంచి వెలువడే తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకి తగ్గించారు.

పిచ్చుకల మాటేమిటి? 2020లో వెలువడిన దేశవ్యాప్త పక్షుల స్థితి నివేదిక, పక్షి ప్రేమికులు ఏళ్ల తరబడి నమోదు చేసిన లెక్కల్ని కుప్పపోసి చూస్తే, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని చెప్పింది. పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతోంది. కారణాలుగా అది చూపినవి పురుగుల కొరత, గూళ్లకి చోటు లేకపోవడం. టవర్ల వల్లేనన్న మాట తరచూ వినబడుతున్నా ఇప్పటిదాకా ఉన్న ఆధారాలు దాన్ని బలపరచడం లేదని కూడా తేల్చింది.

అది అర్థం కావడానికి నివేదిక కూడా అక్కర్లేదు, ఇల్లు చూస్తే చాలు. పెంకుటింటి చూరు, దూలం సందు, గోడకి వాలుగా కట్టిన దేవుడి పటం వెనక చోటు, ఇవన్నీ పిచ్చుకకి అద్దెలేని గదులు. అపార్టుమెంటు గోడ నున్నగా ఉంటుంది, వెంటిలేటర్‌కి జాలీ ఉంటుంది. పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకి మొదట్లో పెట్టేది మెత్తటి పురుగులు. మట్టి, చెట్టూచేమా లేనిచోట అవి ఎక్కడ దొరుకుతాయి? ఊళ్లలో ఇప్పటికీ కొందరు వరి కంకుల్ని కుచ్చుగా అల్లి వసారాలో వేలాడదీస్తారు. కుచ్చు మీద వాలిన పిచ్చుకకి పక్కింటి మేడ మీది టవర్ గురించి పెద్దగా పట్టింపు ఉన్నట్టు కనబడదు.

పక్షిరాజు రూపం చూసినవాళ్లకి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గుర్తొచ్చారు. పోలిక రివ్యూల్లోనూ చాలాచోట్ల వచ్చింది. 1987లో, మన దేశంలో మొదటి మొబైల్ కాల్ మోగడానికి ఎనిమిదేళ్ల ముందే ఆయన కన్నుమూశారు. తెలుగు నేలతో ఆయనకి అసలైన అనుబంధం ఉంది. 1930ల మొదట్లో నిజాం రాజ్యంలో తిరిగి హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేసింది ఆయనే. ఆయన చివరి రోజుల్లో, 1986లో, ఎప్పుడో అంతరించిపోయిందనుకున్న కలివి కోడి అనే పిట్ట కడప జిల్లా అడవుల్లో మళ్లీ దొరికింది. ఆ పిట్ట కథలో టవర్లు ఎక్కడా లేవు. చిట్టడవుల్ని కొట్టేయడం, చదును చేయడం, కాలువలు తవ్వడం, అంతే. ఇందులో విలన్ ఎవడో వేలెత్తి చూపడం కష్టం, 3డీలో చూపడం మరీ కష్టం. శంకర్‌కి టవర్ ఎందుకు కావాల్సి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎత్తుగా ఉంటుంది, ఇనుముతో ఉంటుంది, దూరం నుంచే శత్రువులా కనబడుతుంది.

సినిమా కల్పన కదా, సైన్సు లెక్కలు ఎందుకంటారా? చిట్టి రెక్కలు కట్టుకుని ఎగిరితే ఎవరూ అడగరు. పదేళ్ల పిల్లాడు కూడా అది ఉత్తుత్తిదేనని కనిపెట్టేస్తాడు. టవర్ వల్ల పిట్టలు రాలిపోతాయన్నది అలాంటిది కాదు. అది ఇంటికొచ్చి నిజంగా నిలబడిపోయే మాట. ‘రోబో’ అబద్ధాలు అబద్ధాల్లాగే కనబడ్డాయి. ‘2.0’ ఒక్క అబద్ధానికి కళ్లనీళ్లు పెట్టుకున్న ముసలాయన్ని సాక్షిగా నిలబెట్టింది. విమర్శకుల్లో కొందరు సినిమాని సైన్సు వ్యతిరేకి అన్నది ఇందుకే. ఆ మాట కాస్త ఎక్కువే అనిపిస్తుంది గానీ పూర్తిగా తీసేసేది కాదు.

తప్పొప్పుల తూకం దగ్గర కూడా సినిమా తడబడింది. పక్షుల ప్రాణం మనిషి ప్రాణంతో సమానమని రెండు గంటలపాటు చెప్పి, క్లైమాక్స్‌లో బుల్లి చిట్టీలు పావురాల మీదెక్కి వచ్చి, వాటి ప్రాణాలే అడ్డుపెట్టి పక్షిరాజుని లొంగదీస్తాయి. హాల్లో పిల్లలు ఈలలు వేసేది అక్కడే. వేయక మానరు, ఎందుకంటే ఆ బుడ్డ చిట్టీలు అంత ముద్దుగా ఉంటాయి. అయితే పిల్లలతో కలిసి చూసేవాళ్లకి ఈ సీను చేతికందిన బంగారం. ‘పిట్టల్ని కాపాడాలన్నవాణ్ని పిట్టల్ని చంపుతామని బెదిరించి గెలవడం ఏం గెలుపు?’ అని అడిగి చూస్తే, ఏ వయసు పిల్లాడైనా కాసేపు ఆలోచిస్తాడు. సినిమా మాత్రం ఆలోచించకుండానే ముందుకి వెళ్లిపోయింది.

కళ్లద్దాల గొడవ ఒకటి మిగిలింది. హాల్లో ఇచ్చే 3డీ అద్దాలు పెద్దవాళ్ల మొహాల కొలతవి. చిన్నపిల్లల ముక్కు మీద నిలవవు, చేత్తో పట్టుకుని కూర్చోవాలి. రెండున్నర గంటలకి కాస్త తక్కువ నిడివి అయినా, సగంలోనే అద్దాలు తీసేసి, రెండేసిగా కనబడుతున్న తెరని చూస్తూ కళ్లు నులుముకునే పిల్లలు ప్రతి 3డీ ఆటలోనూ కనబడతారు.

ఇప్పుడు ఇది హాల్లో చూసే సినిమా కాదు. సెలవుల్లో మధ్యాహ్నం టీవీలోనో, ఫోన్లోనో పెట్టుకునే సినిమా. అక్కడ దాని కొలతలన్నీ తారుమారవుతాయి. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న ఆ రాకాసి పక్షి 3డీ పోయి, శబ్దం పోయి, ముప్పై రెండు అంగుళాల తెర మీద పిచ్చుకంత అవుతుంది. స్టేడియంలో పోరాటం వస్తుంటే పిల్లలు మంచినీళ్లకి లేచి వెళ్లి వస్తుంటారు. హాల్లో చివరి అరగంట హోరులో కొట్టుకుపోయిన ముసలాయనే ఇంట్లో నిండుగా మిగులుతాడు. వంగిన నడుం, అరచేతిలో చచ్చిన పిట్ట. ఆయన టవర్ ఎక్కే దగ్గర రిమోట్‌తో ముందుకి తోయొచ్చు. కానీ పక్కనున్న పిల్ల అప్పటికే మొదటి సీను చూసేసి ఉంటుంది.